మొసలికి తోకే బరువు

రెండో ప్రపంచ యుద్ధం గురించి తెలుగులో వస్తున్న వీడియోల్లోనూ పోస్టుల్లోనూ మంటలు చిమ్మే ట్యాంకు ప్రస్తావన వస్తే కథ దాదాపు ఒకే తీరుగా నడుస్తుంది. చర్చిల్ క్రొకడైల్ (మొసలి) అనే బ్రిటిష్ ట్యాంకు కోట ముందుకొచ్చి ఒక్కసారి నిప్పు కక్కుతుంది, లోపలి జర్మన్లు చేతులెత్తి బయటికి వచ్చేస్తారు. ఉదాహరణ కావాలంటే ఫ్రాన్స్ పడమటి కొసనున్న బ్రెస్ట్ రేవు పక్కనున్న మోంబరే కోట సిద్ధంగా ఉంటుంది. 1944 సెప్టెంబర్‌లో బ్రిటిష్ 141వ రెజిమెంట్ రాయల్ ఆర్మర్డ్ కోర్‌కు చెందిన ఒక స్క్వాడ్రన్, 15 క్రొకడైళ్లతో, అమెరికన్ల సాయానికి అక్కడికి వెళ్లింది. కోట లొంగిన మాట నిజం, క్రొకడైళ్లు అక్కడున్న మాటా నిజమే. ఈ రెంటినీ కలిపి కట్టిన కథతోనే నాకు పేచీ.

నా మటుకు నాకు, రేవు కోటల మీద ఈ ట్యాంకు చేసిన పని చాలా చిన్నది, చాలా ఖరీదైనది. గోడలో ఉన్న తుపాకీ రంధ్రాల వెనక నుంచి మనుషుల్ని కొద్ది నిమిషాలపాటు పక్కకి తోలడం, అంతే. ఆ కొద్ది నిమిషాల్లో గోడ దగ్గరికి పరిగెత్తి మందుగుండు పెట్టే సాపర్లు (సైన్యపు ఇంజనీర్లు) సిద్ధంగా ఉంటే ఆ నిప్పుకు విలువ ఉంది. లేకపోతే కాలిపోయిన పెట్రోలే మిగులుతుంది. మోంబరేలో పేరు క్రొకడైల్‌కు వచ్చింది. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు, ఆ కోట తలుపు తెరిచిన చేతుల్ని ఎవరూ తలుచుకోరు.

ఎనభై సెకన్లు

ముందు లెక్క చూద్దాం. క్రొకడైల్ అంటే చర్చిల్ మార్క్ 7 ట్యాంకే. ముందు భాగంలో 152 మిల్లీమీటర్ల ఉక్కు, టరెట్‌లో 75 ఎం.ఎం. ఫిరంగి, అయిదుగురు సిబ్బంది. డ్రైవర్ పక్కన కూర్చునేవాడి బేసా మెషిన్‌గన్ తీసేసి దాని చోట మంటగొట్టం పెట్టారు. ఇంధనం మాత్రం ట్యాంకులో ఉండదు. వెనక తగిలించిన ఆరున్నర టన్నుల ట్రెయిలర్‌లో 400 గ్యాలన్లు, అంటే దాదాపు 1,800 లీటర్ల చిక్కబెట్టిన ఇంధనం ఉంటుంది. దాన్ని తోయడానికి అయిదు సిలిండర్ల నైట్రోజన్. ట్యాంకు పొట్ట కింద ఉక్కు కవచంలో ఒక పైపు ఆ ఇంధనాన్ని ముందుకు తెస్తుంది. గొట్టం మూతి దగ్గర చిన్న పెట్రోలు ధారను విద్యుత్ స్పార్కుతో వెలిగిస్తే అసలు ధార అంటుకుంటుంది.

ఈ ఇంధనం చాలా త్వరగా అయిపోతుంది. ఒక్కో సెకను విడతలుగా వాడితే ఎనభై విడతలు వస్తాయని లెక్క కట్టారు. 15 ట్యాంకుల స్క్వాడ్రన్ మొత్తం దగ్గర ఉన్న నిప్పు, ఒకదాని తర్వాత ఒకటి నిలబెట్టి వాడినా, ఇరవై నిమిషాలే. ఆ తర్వాత ట్రెయిలర్ నింపాలంటే గంటన్నర, మళ్లీ ప్రెజర్ ఎక్కించడానికి పావుగంట. స్క్వాడ్రన్ మొత్తానికి ఒక్క దఫాకు 75 సిలిండర్లు, 6,000 గ్యాలన్ల ఇంధనం. ఇదంతా లారీల మీద వెంట రావాలి. ఒక పొద్దున దాడి బెడిసికొడితే అదే ట్యాంకుతో వెంటనే మళ్లీ ప్రయత్నించడం కుదరదు. అందుకే తెలివైన స్క్వాడ్రన్ కమాండర్ అన్నిటినీ ఒకేసారి పంపడు. కొన్ని నిండుగా వెనక ఉండాలి.

ప్రెజర్ సంగతి ఇంకా చికాకు. ఎక్కించిన ప్రెజర్ ఎక్కువసేపు నిలవదు, జాయింట్ల దగ్గర కారిపోతుంది. కాబట్టి శత్రువు ఫిరంగులకు అందని చివరి మాటు దగ్గర ఆగి, సిబ్బంది కిందికి దిగి, ట్రెయిలర్ దగ్గరికి వెళ్లి నైట్రోజన్ వదలాలి. దాడి ఆరింటికి అనుకుంటే అయిదూ ముప్పావుకు ఈ పని కావాలి. పదాతి దళం ఆలస్యమైందనో, పొగతెర సరిగ్గా కమ్మలేదనో, మందుపాతరలు ఇంకా తీయలేదనో దాడి గంట వెనక్కి జరిగితే ఆ ప్రెజర్ పోయినట్టే. ప్రెజర్ తగ్గితే ధార దూరం తగ్గుతుంది. మామూలుగా 80 గజాలు, అన్నీ కలిసొస్తే 120 గజాలు వెళ్లేది కాస్తా ముందే వాలిపోయి కందకంలో పడుతుంది. ఎదురుగాలి వీస్తే సరేసరి.

కోట రంధ్రం మీద నిప్పు కొట్టడంలోనూ ఒక కిటుకు ఉంది. ముందు అంటించకుండా వట్టి ఇంధనమే కొడతారు. అది రంధ్రంలోంచి లోపలికి చిమ్మి, గోడలకూ నేలకూ అతుక్కుంటుంది. ఆ తర్వాత వెలిగించిన ధార ఒకటి పంపితే లోపల ఒక్కసారిగా అంటుకుంటుంది. చిక్కబెట్టిన ఇంధనం గోడకు తగిలి మూల తిరిగి కూడా పడుతుంది, గుండు తిరగలేని చోటికి. ఈ ఆయుధానికి ఉన్న నిజమైన గొప్ప ఇదే. అయితే ఇది పని చేయాలంటే రంధ్రం కనిపించాలి, 80 గజాల్లో నిలబడాలి, రెండు మూడు విడతలు గురి చూసుకోవడానికే ఖర్చవుతాయని ఒప్పుకోవాలి.

తోక

ట్రాక్టర్‌కు ట్రాలీ తగిలించి రివర్స్ చేసినవాళ్లకు ఈ ట్యాంకు డ్రైవర్ బాధ చెప్పకుండానే తెలుస్తుంది. ట్యాంకుకూ ట్రెయిలర్‌కూ మధ్య ఉన్న లింకులో మూడు జాయింట్లు ఉన్నాయి. పైకీ కిందికీ, పక్కలకీ తిరుగుతుంది, గతుకుల్లో మెలి కూడా తిరుగుతుంది. అయినా ట్రెయిలర్ మరీ పక్కకి వచ్చేస్తే డ్రైవర్‌కు హెచ్చరిక ఇవ్వడానికి ఒక మైక్రోస్విచ్ పెట్టాల్సి వచ్చింది. వెనక ఏముందో అతనికి కనపడదు కదా. మందుపాతరల మధ్య తీసిన సన్నటి బాటలో వెనక్కి రావడం గండం. ముందున్న ట్యాంకు ఆగిపోతే వెనకదానికి పక్కకు తప్పుకోవడమే దారి, తప్పుకుంటే బాట దాటినట్టే.

ట్రెయిలర్ చుట్టూ ఉన్న ఉక్కు 12 మిల్లీమీటర్లు. రైఫిల్ తూటాకీ గుండు పెచ్చులకీ అది ఆగుతుంది. 20 ఎం.ఎం. తుపాకీ ముందు దాని మీద భరోసా పెట్టుకోలేం. ముందు 152 ఉంది కదా అని ధైర్యంగా వెళ్లే ట్యాంకు, కొంచెం పక్కకి తిరిగిందంటే 1,800 లీటర్ల ఇంధనాన్ని పల్చటి రేకులో పెట్టి శత్రువుకు చూపిస్తోందన్నమాట. ట్రెయిలర్‌ను లోపల్నుంచే వదిలించుకునే ఏర్పాటు ఉంది. వదిలేశాక అది మామూలు చర్చిల్‌లాగా 75 ఎం.ఎం. ఫిరంగితో పోరాడుతుంది. కోటల దగ్గర ఈ ఫిరంగికి పని ఎంతో ఉండేది, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

80 గజాల దూరం గురించి ఒక మాట. ఆ వేసవిలో జర్మన్ల చేతిలో ఎక్కువగా ఉన్న పాంజర్‌ఫౌస్ట్, అంటే ఒక్క సైనికుడే చేతపట్టి ట్యాంకు మీద పేల్చే ఆయుధం, దాని దూరం 30 మీటర్లు. అంటే క్రొకడైల్ దానికి అందనంత దూరం నుంచే పని కానివ్వగలదు. 88 ఎం.ఎం. ఫిరంగికైతే 80 గజాలూ ఒకటే, 800 గజాలూ ఒకటే. కాబట్టి చుట్టుపక్కల ఉన్న ఫిరంగుల నోళ్లు ముందే మూయించకపోతే క్రొకడైల్ కోట దాకా చేరదు.

మోంబరేలో జరిగింది

బ్రెస్ట్ మీద దాడి అమెరికన్ 8వ కోర్‌ది, జనరల్ ట్రాయ్ మిడిల్టన్ కింద. ఊళ్లో జర్మన్ సేనాని రామ్కె, ఆయన పారాచూట్ దళాలు. పడమటి వైపు 29వ డివిజన్ దారికి అడ్డంగా ఉంది మోంబరే. పాత ఫ్రెంచి కోట, లోపల మట్టి నింపిన రాతి గోడలు 25 అడుగుల మందం, చుట్టూ కందకం, లోపల 150 మంది దాకా. ఇంత గోడకు నిప్పు పెడితే ఏమవుతుంది? మసి పడుతుంది.

కోటకు వెళ్లే దారిలో జర్మన్లు పాతిపెట్టినవి మామూలు మందుపాతరలు కావు. 300 పౌన్ల నౌకాదళపు గుండ్లకు ఒత్తిడి పడితే పేలే ఫ్యూజులు బిగించి పాతారు. ట్యాంకుల కోసం జర్మన్లు వాడే టెల్లర్ మైన్‌లో ఉండే పేలుడు పదార్థం అయిదున్నర కిలోలు, అది ట్యాంకు చెయిన్ తెంపుతుంది. ఇక్కడ ఒక్కో గుండు బరువే 136 కిలోలు. ఇది పేలితే ట్యాంకు రిపేరుకు కూడా మిగలదు.

సెప్టెంబర్ 14న అమెరికన్ 121వ ఇంజనీర్ బెటాలియన్ సాపర్లు పొగతెర చాటున, ఫిరంగుల హోరులో ఆ గుండ్ల మధ్య ఒక బాట తీశారు. నాలుగు క్రొకడైళ్లు ఒకదాని వెనక ఒకటి బయల్దేరాయి. బాట తప్పినవి గుండ్ల పాలయ్యాయి, దాడి అక్కడితో ఆపేశారు. అదే ట్యాంకు, అదే నిప్పు, అదే సిబ్బంది. బాట చాలినంత వెడల్పు లేదు, పొగలో డ్రైవర్‌కు అంచు కనపడలేదు, వెనక ట్రెయిలర్ ఉంది. నిప్పుకే కోటలు లొంగేటట్టయితే ఆ రోజే లొంగాలి.

తర్వాత రెండు రోజులు కథలో ఎవరూ చెప్పని రోజులు. ఫిరంగులూ ట్యాంక్ డెస్ట్రాయర్లూ కోట మీద కొడుతూనే ఉన్నాయి, సాపర్లు పొగచాటున మళ్లీ వెళ్లి ఆ బాటనే బాగుచేశారు. 16న తెల్లవారుజామున మూడు క్రొకడైళ్లు కందకం దాకా వెళ్లి రంధ్రాల మీద నిప్పు కురిపించాయి. ఆ నిప్పు కురుస్తుండగా సాపర్లు గోడ మొదట్లో 2,500 పౌన్ల టీఎన్‌టీ పేర్చారు. ఇంకోవైపు ట్యాంకులూ ఒక 105 ఎం.ఎం. హౌయిట్జరూ 200 గజాల నుంచి ప్రధాన ద్వారాన్ని కొట్టాయి. ద్వారం పగిలింది, గోడకు కంత పడింది. అప్పుడు లొంగారు, 80 మంది దాకా.

ఈ వరుస చూడండి. నిప్పు కురిసినప్పుడు కాదు లొంగింది, గోడ పగిలాక. మూడు ట్యాంకుల దగ్గర కలిపి ఉన్నది 240 విడతల నిప్పు. టన్నుకు పైగా ఉన్న మందుగుండును మనుషులు భుజాల మీద మోసుకెళ్లి గోడ కింద పేర్చడానికి ఎంతసేపు పడుతుందో ఆలోచిస్తే, ఆ 240 విడతల్నీ ఎంత పొదుపుగా వాడి ఉంటారో తెలుస్తుంది. క్రొకడైల్ సిబ్బంది గొప్పదనం ఏమైనా ఉంటే ఈ పొదుపులోనే ఉంది.

భయం సంగతి

దీనికి ఎదురు వాదం ఉంది, తేలిగ్గా తీసిపారేసేది కాదు. క్రొకడైల్ అసలు ఆయుధం భయం అంటారు. నిప్పు పడక ముందే, ట్రెయిలర్ ఉన్న ట్యాంకు కనపడగానే లొంగిన స్థావరాలు ఉన్నాయి. కొన్నిచోట్ల ఒక్క విడత గాల్లోకి వదిలి చూపిస్తే చాలింది. పట్టుబడిన క్రొకడైల్ సిబ్బందిని జర్మన్లు అక్కడికక్కడే కాల్చేశారన్న కథనాలు కూడా ఆ భయం ఎంతటిదో చెబుతాయి. అలా చూస్తే ఎనభై సెకన్ల లెక్క అర్థం లేనిది, ఎందుకంటే ఒక్క సెకనూ ఖర్చు కాకుండా పని అయిపోతుంది.

ఇందులో నిజం ఉంది. అయితే ఆ భయం ఎక్కడ పని చేసిందో చూడాలి. పొలాల్లోని కందకాలు, ఇటుక ఇళ్లు, విడివిడి కాంక్రీటు గూళ్లు, అంటే లోపలివాళ్లకు ట్యాంకు కనిపించేచోట, లొంగిపోవడానికి తలుపు దగ్గరగా ఉన్నచోట. మోంబరేలాంటి కోటలో లోపలి గదుల్లో ఉన్నవాడికి ట్యాంకే కనపడదు. రంధ్రం దగ్గరున్నవాడు వెనక గదిలోకి పోయి తలుపేసుకుంటాడు. భయం అతన్ని పక్కకి తోలుతుంది, బయటికి తేదు. ఆ తేడా గమనించని సేనాని క్రొకడైళ్లను పంపి, తెల్లజెండా కోసం ఎదురుచూస్తూ ఎనభై సెకన్లూ తగలేస్తాడు.

రెండో చిక్కు: భయపెట్టాలంటే ట్యాంకు ముందు అక్కడిదాకా చేరాలి. 1942 ఆగస్టులో దియెప్ రేవు మీద దాడికి ఓక్ అనే తొలిరకం మంటల పరికరం బిగించిన చర్చిళ్లు మూడు తీసుకెళ్లారు. మూడూ పోయాయి, వాటిని చూసి ఒక్క జర్మన్ కూడా లొంగలేదు.

అవ్ర్ కాలువలో ఆడపేర్లు

ఉత్తర ఫ్రాన్స్‌లోని లె అవ్ర్ రేవు దగ్గర బ్రిటిష్ వాళ్లు చేసిన పని నా వాదానికి అసలు సాక్ష్యం. 1944 సెప్టెంబర్ 10 సాయంత్రం మొదలైంది, 12న రేవు చేతికొచ్చింది. 11,000 పైచిలుకు ఖైదీలు. దాడి చేసినవాళ్ల నష్టం 500 లోపు. ఇక్కడ క్రొకడైళ్లు ఒంటరిగా రాలేదు, జనరల్ హోబార్ట్ కింద ఇలాంటి ప్రత్యేక ట్యాంకులన్నీ ఉన్న 79వ ఆర్మర్డ్ డివిజన్ సరంజామా అంతా కలిసి వచ్చింది. లారా, హేజెల్, మేరీ అని పేర్లు పెట్టిన బాటల్లో ముందు ఫ్లెయిల్ షెర్మన్లు గొలుసులతో నేలను బాదుతూ గంటకు మైలుంపావు వేగంతో నడిచాయి. వాటి వెనక వచ్చిన ఏవీఆర్‌ఈ చర్చిళ్లు (ఇంజనీర్ల పనికి మార్చిన ట్యాంకులు) ట్యాంకుల్ని ఆపడానికి తవ్విన కాలువ మీద వంతెనలు పడేశాయి. కాంక్రీటు పగలగొట్టాల్సిన చోట వాటి పెటార్డ్ మోర్టారు 40 పౌన్ల బాంబు విసురుతుంది, దాని దూరమూ దాదాపు 80 గజాలే. ఆ తర్వాతే క్రొకడైళ్ల వంతు. పెటార్డ్ కంత చేస్తుంది, క్రొకడైల్ ఆ కంతలోకి కొడుతుంది. రెండూ ఒకే దూరం నుంచి పని చేయడం వల్ల జంటగా నడిపించడం తేలికైంది.

అక్కడా సవ్యంగా సాగలేదు. వాన పడి నేల బురదైంది. ఫ్లెయిళ్లు చాలా పోయాయి. ఒక బాట మూసుకుపోతే పక్క బాట ఉంది కాబట్టి దాడి ఆగలేదు. మోంబరేలో ఉన్నది ఒక్కటే బాట, అదీ చేతులతో తీసింది.

బ్రెస్ట్‌తో లె అవ్ర్‌ను పోల్చడం న్యాయం కాదని అనొచ్చు. రామ్కె పారాచూట్ సైనికులకూ, లె అవ్ర్‌లో కర్నల్ విల్డర్‌ముత్ కింద ఉన్న దళానికీ పోరాట పటిమలో పోలిక లేదు. బ్రెస్ట్‌లో అమెరికన్లకు ఆగస్టు చివర్లో ఫిరంగి గుండ్లే చాలక దాడి నిలిచిపోయింది. లె అవ్ర్ మీద బాంబర్ల విరుచుకుపాటు వేరే స్థాయి, దాని ఖరీదు సెప్టెంబర్ 5, 6 తేదీల్లో చనిపోయిన రెండు వేల మంది ఊరి జనం. ఇవన్నీ ఒప్పుకుంటాను. కాబట్టి రెండు రోజులకూ ఆరు వారాలకూ మధ్య తేడా అంతా సరంజామా వల్లేనని అనను. ఒక్క కోట ముందు ఒక్క పొద్దున జరిగినదాన్ని మాత్రమే పోలుస్తున్నాను.

బూలోన్ రేవు దగ్గర ఇంకో రకం పాఠం. సెప్టెంబర్ 17న దాడికి ముందు దాదాపు 690 బాంబర్లు వచ్చి మోంట్ లాంబేర్ గుట్టను దున్నేశాయి. ఆ బాంబు గుంతలే కెనడియన్ల వెంట వెళ్లాల్సిన ట్యాంకులకు అడ్డం పడ్డాయి. మామూలు ట్యాంకు ఎలాగో వంకర తిరిగి వెళ్తుందేమో, వెనక ఆరున్నర టన్నుల తోక ఉన్నదానికి గుంతల మధ్య వంకరలు కుదరవు. శత్రువును మెత్తబరచడానికి వేసిన బాంబులు మన ఆయుధాన్నే ఆపాయి. ఊరి లోపలి పాత కోట సంగతి మరీ విడ్డూరం. ట్యాంకులు గోడల మీద కాలుస్తూ, పెటార్డ్ తలుపు మీద పని చేస్తూ ఉండగా, ఒక ఫ్రెంచి పౌరుడు సొరంగం దారి చూపిస్తే ఒక ప్లటూన్ లోపల తేలింది.

కలే రేవులో ఫోర్ లాపాన్, ఫోర్ న్యులే అనే కోటల మీద క్రొకడైళ్లు బాగానే ఉపయోగపడ్డాయి. అక్కడ చుట్టూ నీళ్లు వదిలిన పల్లపు నేల. ట్రెయిలర్‌తో గట్టు రోడ్డు దిగితే అంతే సంగతులు, కాబట్టి వెళ్లగలిగిన దారి ఎక్కడుంటే అక్కడికే వాటిని కేటాయించారు. కేటాయింపు సరిగా ఉన్నప్పుడు ఈ ట్యాంకు ఎంత నెమ్మదిగా, గొడవ లేకుండా పని చేస్తుందో చూడాలంటే కలే చూడాలి, మోంబరే కాదు.

రేవే పనికిరాకపోతే?

ఇంకొక అభ్యంతరం వస్తుంది: బ్రెస్ట్ రేవును జర్మన్లు పూర్తిగా ధ్వంసం చేశారు, మిత్రపక్షాలు దాన్ని వాడుకోనే లేదు, దానికోసం పదివేల మంది దాకా అమెరికన్లు చచ్చో గాయపడో పోయారు, ఇక క్రొకడైల్ బాగా పని చేసిందా లేదా అన్న చర్చ దేనికి? లోరియాన్, సెంట్ నజేర్‌లను చుట్టుముట్టి వదిలేశారు, అవి 1945 మే దాకా అలాగే ఉన్నాయి, ఏమైంది?

బ్రెస్ట్ మీద దాడి తప్పో ఒప్పో మిడిల్టన్ పైవాళ్ల లెక్క. లె అవ్ర్ అక్టోబర్ 9న, బూలోన్ 12న ఓడలకు తెరుచుకున్నాయి. బెల్జియంలోని పెద్ద రేవు ఆంట్వెర్ప్‌కు నవంబర్ 28 దాకా కాన్వాయ్ రాలేదు. ఆ మధ్య ఏడు వారాల్లో ఈ చిన్న రేవుల్లో దిగిన సరుకు చాలా విలువైనది. స్క్వాడ్రన్‌ను అడగాల్సిన ప్రశ్న మరొకటి: ఒక గోడ ముందు ఎన్ని నిమిషాలు ఇవ్వగలరు, ఆ నిమిషాలను ఎవరు వాడుకుంటారు? సెప్టెంబర్ 14న దానికి జవాబు లేదు, ఎందుకంటే గోడ దాకా సరైన బాటే లేదు. 16న జవాబు 2,500 పౌన్లతో వచ్చింది. బ్రిటిష్ వాళ్లు ఈ తేడాను గ్రహించే, ఫ్లెయిళ్లూ ఏవీఆర్‌ఈలూ క్రొకడైళ్లూ ఒకే డివిజన్ కింద ఉంచి, ఏ దాడికి ఏవి కలిపి పంపాలో ఒకే చోట తేల్చేవారు. బ్రెస్ట్‌కు పంపింది మాత్రం ఆ సంచిలోంచి తీసిన ఒక్క పనిముట్టు, మిగతావాటి పని అమెరికన్ సాపర్లు చేతులతో చేసుకోవాల్సి వచ్చింది.